తల్లి హక్కు రద్దు: అమెరికా రాష్ట్రాల చట్టాల నుంచి మనం అడగవలసిన ప్రశ్నలు

(స్త్రీల హక్కుల మీద జరిగిన అధ్యయన తరగతిలో చేసిన ప్రసంగ పాఠం)



నన్ను మాట్లాడమన్న విషయం మీలో కొందరికి మరీ దూరపుదిగా అనిపించవచ్చు. తల్లికీ తండ్రికీ బిడ్డ మీద ఉన్న హక్కులన్నిటినీ కోర్టు శాశ్వతంగా రద్దు చెయ్యడానికి వీలిచ్చే చట్టాలు అమెరికాలో ఉన్నాయి. అక్కడ కుటుంబ చట్టం ఎక్కువ భాగం రాష్ట్రాల చేతిలో ఉంటుంది కాబట్టి 50 రాష్ట్రాల్లో 50 చట్టాలు. గత రెండు మూడు దశాబ్దాలుగా ఆ చట్టాలను సంస్కరించాలని అక్కడి స్త్రీలు పోరాడుతున్నారు. ఆ పోరాటంలో మనకి పనికొచ్చే పాఠాలున్నాయి.

బిడ్డ కోసం కోర్టు కేసు అంటే మనకి వెంటనే విడాకులు గుర్తుకొస్తాయి. బిడ్డ ఎవరి దగ్గర ఉండాలి, సెలవుల్లో ఎవరు తీసుకెళ్లాలి, ఖర్చు ఎవరు పెట్టుకోవాలి, ఇవీ తగాదాలు. నేను చెప్పబోయే కేసుల్లో చాలావాటిలో ఒక పక్క తల్లి ఉంటుంది, రెండో పక్క ప్రభుత్వం ఉంటుంది. కోర్టు హక్కులు రద్దు చేస్తే చట్టం దృష్టిలో ఆమె ఆ బిడ్డకి పరాయి మనిషి. చూడటానికి వెళ్లే హక్కు లేదు. ఎక్కడ ఉన్నాడో తెలుసుకునే హక్కు లేదు. దత్తత ఇస్తుంటే అభ్యంతరం చెప్పే హక్కు లేదు. నేరం చేసిన మనిషికి పడే శిక్షకైనా ఒక గడువు ఉంటుంది. దీనికి అది కూడా లేదు.

ఈ చట్టం దగ్గరకి రెండు రకాల స్త్రీలు వస్తారు. మొదటి స్త్రీ అత్యాచారానికి గురై, గర్భం దాల్చి, బిడ్డని కని పెంచుకుంటున్నది. అత్యాచారం చేసినవాడు 'నేను తండ్రిని, నా బిడ్డని చూసే హక్కు నాకుంది' అని కోర్టుకి వెళతాడు. వాడి హక్కు తెంచమని ఆమె చట్టాన్ని అడుగుతుంది. రెండో స్త్రీ పేదరాలు, లేదా నల్లజాతి స్త్రీ, ఆదివాసీ స్త్రీ, జైల్లో ఉన్న స్త్రీ, వికలాంగురాలు, మొగుడి చేత దెబ్బలు తింటున్న స్త్రీ. ఆమె బిడ్డని ప్రభుత్వం తీసుకుపోయింది. నా హక్కు తెంచవద్దని ఆమె అదే చట్టాన్ని అడుగుతుంది. మనం ఒకరి తరఫున మాత్రమే ఆలోచించి చట్టం రాయిస్తే అది రెండో స్త్రీ మెడకి చుట్టుకుంటుంది. ఈ రోజు నా మాటలన్నీ ఈ చిక్కు చుట్టూనే తిరుగుతాయి.

ముందు రెండో స్త్రీ సంగతి చూద్దాం. ఎందుకంటే సంఖ్యలో ఎక్కువమంది వాళ్లే.

1980లో అమెరికా కేంద్ర ప్రభుత్వం ఒక చట్టం చేసింది. బిడ్డని ఇంటి నుంచి తీసుకుపోయే ముందూ, తీసుకుపోయిన తరవాతా కుటుంబాన్ని నిలబెట్టడానికి రాష్ట్రాలు తగిన ప్రయత్నం చెయ్యాలని అందులో షరతు పెట్టింది. 'తగిన ప్రయత్నం' అంటే ఏమిటో మాత్రం చెప్పలేదు. ఆ తరవాతి ఏళ్లలో ఫోస్టర్ ఇళ్లలో, అంటే ప్రభుత్వం డబ్బిచ్చి పిల్లల్ని ఉంచే పరాయి ఇళ్లలో, పిల్లల సంఖ్య పెరుగుతూ పోయింది. 1997 నవంబరులో క్లింటన్ సంతకంతో మరో చట్టం వచ్చింది. బిడ్డ గడచిన 22 నెలల్లో 15 నెలలు ఫోస్టర్ సంరక్షణలో ఉంటే, తల్లిదండ్రుల హక్కులు రద్దు చెయ్యమని రాష్ట్రమే కోర్టులో పిటిషన్ వెయ్యాలన్నది అందులో ముఖ్యమైన నిబంధన. బంధువుల దగ్గర ఉన్న పిల్లలకీ, మరికొన్ని పరిస్థితులకీ మినహాయింపులు ఉన్నాయి. కాని మినహాయింపు వాడుకోవడం అధికారుల ఇష్టం. దానితో పాటు దత్తతల సంఖ్య పెంచిన రాష్ట్రానికి, నిర్ణయించిన అంకె కన్నా ఎక్కువైన ప్రతి దత్తతకీ 4,000 డాలర్లు, ప్రత్యేక అవసరాలున్న బిడ్డ అయితే 6,000 డాలర్లు బహుమతిగా పెట్టింది. బిడ్డని తిరిగి తల్లికి అప్పగించినందుకు అలాంటి బహుమతి లేదు.

ఆ 15 నెలల లెక్క ఎవరికి సరిపోతుందో ఆలోచించండి. మత్తుమందు అలవాటు మానడానికి చికిత్సకి పేరు రాయించుకుని వరసలో నిలబడ్డ తల్లికి సరిపోతుందా? ప్రభుత్వ ఇంటి కోసం దరఖాస్తు పెట్టిన తల్లికి సరిపోతుందా? రెండేళ్ల జైలుశిక్ష పడిన తల్లి సంగతి సరేసరి. అక్కడ జైళ్లలో ఉన్న స్త్రీలలో సగానికి పైగా చిన్నపిల్లల తల్లులే. ది మార్షల్ ప్రాజెక్ట్ అనే వార్తాసంస్థ 2006 నుంచి 2016 దాకా నడిచిన సుమారు 30 లక్షల శిశుసంక్షేమ కేసుల్ని పరిశీలించి 2018లో ఒక కథనం ప్రచురించింది. శారీరక హింస గాని లైంగిక హింస గాని చేశారన్న ఆరోపణ లేకుండానే కనీసం 32,000 మంది జైలుపాలైన తల్లిదండ్రులు పిల్లల్ని శాశ్వతంగా పోగొట్టుకున్నారని అందులో తేలింది. వారిలో సుమారు 5,000 మంది విషయంలో జైల్లో ఉండటం తప్ప మరే కారణమూ కనిపించలేదు.

మరి మిగిలిన పిల్లల్ని ఏ కారణంతో తీసుకుపోతున్నారు? కొట్టారనీ హింసించారనీ అనుకుంటాం. 2019-2021 నాటి ప్రభుత్వ లెక్కల ప్రకారం ఇంటి నుంచి తీసిన పిల్లల్లో శారీరక హింస కారణంగా చూపినవి 12, 13 శాతమే. 60 శాతానికి పైగా కేసుల్లో రాసిన కారణాల్లో 'నిర్లక్ష్యం' ఉంది. ఈ నిర్లక్ష్యం అనే మాట సంచీ లాంటిది. అందులో ఏదైనా పడుతుంది. ఇంట్లో తిండి లేదు, వేడి చేసే యంత్రం పనిచెయ్యడం లేదు, తల్లి పనికి పోతూ ఎనిమిదేళ్ల పిల్లని ఒంటరిగా వదిలింది, అద్దె కట్టలేక కారులో పడుకున్నారు. వీటిలో చాలావాటికి మందు డబ్బు. ఆ తల్లికి ఇవ్వని డబ్బు ఫోస్టర్ ఇంటికి ఇస్తారు. న్యాయశాస్త్ర, సమాజశాస్త్ర ఆచార్యురాలు డొరొతీ రాబర్ట్స్ 2001లో 'షాటర్డ్ బాండ్స్', 2022లో 'టోర్న్ అపార్ట్' అనే పుస్తకాలు రాసి, ఈ వ్యవస్థ నల్లజాతి కుటుంబాలని ఎట్లా వేటాడుతున్నదో వివరించింది. అమెరికాలో పుట్టిన ప్రతి వందమంది పిల్లల్లో సుమారు ఒకరికి 18 ఏళ్లు నిండేలోగా తల్లిదండ్రుల హక్కులు రద్దవుతున్నాయని 2020లో వెలువడ్డ ఒక సమాజశాస్త్ర అధ్యయనం లెక్క కట్టింది. నల్లజాతి పిల్లల్లో అంతకన్నా ఎక్కువ, ఆదివాసీ పిల్లల్లో మరీ ఎక్కువ.

ఆదివాసీల సంగతి వేరే చెప్పాలి. 1969లోనూ, 1974లోనూ జరిగిన సర్వేల్లో ఆదివాసీ పిల్లల్లో 25 నుంచి 35 శాతం మందిని కుటుంబాల నుంచి వేరు చేశారని తేలింది. ఆ పిల్లల్లో ఎక్కువమంది తెల్లవాళ్ల ఇళ్లకి చేరారు. ఆదివాసీ తెగలు పోరాడి 1978లో ఒక చట్టం సాధించుకున్నాయి. దాని ప్రకారం ఆదివాసీ తల్లి హక్కు రద్దు చెయ్యాలంటే సహేతుకమైన సందేహానికి తావు లేకుండా రుజువు చెయ్యాలి. అంటే హత్యకేసులో అడిగేటంత సాక్ష్యం కావాలి. కుటుంబాన్ని నిలబెట్టడానికి చురుకైన ప్రయత్నం జరిగిందని చూపాలి. ఈ చట్టాన్ని కొట్టించెయ్యాలని వేసిన కేసులో 2023 జూన్‌లో సుప్రీంకోర్టు 7-2 తీర్పుతో చట్టాన్ని నిలబెట్టింది.

మిగిలిన తల్లులకి ఆ రక్షణ లేదు. వాళ్ల విషయంలో మూడు తీర్పులు గుర్తుంచుకోవాలి. 1981లో లాసిటర్ కేసు. నార్త్ కరొలైనాలో జైల్లో ఉన్న ఒక పేద నల్లజాతి తల్లిని విచారణకి తీసుకొచ్చారు. ఆమెకి వకీలు లేరు. అధికారిణిని తానే ప్రశ్నించబోయింది. హక్కులు రద్దయ్యాయి. ఇలాంటి కేసుల్లో పేద తల్లికి ప్రభుత్వ ఖర్చుతో వకీలుని పెట్టించుకునే రాజ్యాంగ హక్కు ప్రతిసారీ ఉండదని సుప్రీంకోర్టు 5-4తో చెప్పింది. చిన్న దొంగతనానికి జైలుకి పోయే మనిషికి వకీలుని ఇవ్వాలి, బిడ్డని శాశ్వతంగా పోగొట్టుకునే తల్లికి మాత్రం కేసుని బట్టి చూడాలి! చాలా రాష్ట్రాలు తమ చట్టాల్లో వకీలుని ఇచ్చే ఏర్పాటు చేసుకున్నాయి. అయినా అది రాజ్యాంగం ఇచ్చిన హామీ కాదు.

1982లో శాంటోస్కీ కేసు. న్యూయార్క్ చట్టం ప్రకారం సాక్ష్యం ఎటు మొగ్గితే అటు తీర్పు చెప్పి హక్కు రద్దు చెయ్యవచ్చు. పొలం గట్టు తగాదాకి సరిపోయే కొలత అది. సుప్రీంకోర్టు, ఇదీ 5-4తోనే, దాన్ని కొట్టేసి స్పష్టమైన, నమ్మకం కలిగించే సాక్ష్యం ఉండాలన్నది. ఇలాంటి కేసుల్లో చిక్కుకునేది తరచుగా పేదలూ, చదువు లేనివాళ్లూ, అల్పసంఖ్యాక వర్గాలవాళ్లూనని ఆ తీర్పే ఒప్పుకుంది. 1996లో మిసిసిపీ కేసు. ఒక తల్లి హక్కు రద్దు చేయించి, ఆమె పిల్లల్ని తన రెండో భార్యకి దత్తత ఇప్పించాలని మాజీ భర్త కోర్టుకెక్కాడు, గెలిచాడు. అప్పీలుకి పోవాలంటే రికార్డు తయారీకి 2,352 డాలర్లు కట్టమన్నారు. ఆమె దగ్గర లేవు. డబ్బు లేదని అప్పీలు ఆపకూడదని సుప్రీంకోర్టు చెప్పింది.  చివరి రెండు తీర్పుల్లో కోర్టు ఒక్కో మెట్టు సరిచేసింది, మొత్తం వ్యవస్థని అట్లాగే వదిలింది.

దెబ్బలు తినే స్త్రీల సంగతి మనకి మరింత దగ్గరది. భర్త కొడుతుంటే పోలీసుల్ని పిలిచిన స్త్రీ మీద, 'బిడ్డ కళ్లముందు హింస జరగనిచ్చావు, బిడ్డని కాపాడలేకపోయావు' అని నిర్లక్ష్యం కేసు పెట్టి బిడ్డని తీసుకుపోవడం న్యూయార్క్ నగరంలో అలవాటుగా ఉండేది. నికల్సన్ కేసులో 2002లో కేంద్ర న్యాయస్థానం దీన్ని ఆపమన్నది. 2004లో ఆ రాష్ట్రపు అత్యున్నత న్యాయస్థానం తల్లి దెబ్బలు తినడాన్ని బిడ్డ చూశాడన్నంత మాత్రాన తల్లిది నిర్లక్ష్యం కాదని తేల్చింది. సాయం కోసం అరిస్తే బిడ్డ పోతుందని తెలిసిన స్త్రీ నోరు మూసుకుంటుంది. అట్లా ఈ చట్టం కొట్టే భర్తకి అక్కరకొచ్చింది.

వికలాంగుల విషయం. అక్కడి జాతీయ వికలాంగుల మండలి 2012లో ఒక నివేదిక ఇచ్చింది. రాష్ట్రాల చట్టాల్లో మూడింట రెండు వంతులు, వైకల్యం ఉన్నదన్న కారణంతో తల్లినీ తండ్రినీ అనర్హులుగా ప్రకటించడానికి వీలిస్తున్నాయని అందులో రాసింది. ఏం చేసిందని కాదు, ఎట్లా ఉందని శిక్ష.

ఇక మొదటి స్త్రీ దగ్గరకి వద్దాం. అత్యాచారం చేసినవాడి తండ్రి హక్కుని రద్దు చెయ్యాలంటే ముందు క్రిమినల్ కోర్టులో వాడికి శిక్ష పడాలని చాలా రాష్ట్రాల్లో షరతు ఉండేది. అత్యాచారం కేసుల్లో ఎన్నింటికి శిక్ష పడుతుందో ఇక్కడున్న మీకు నేను చెప్పనక్కర్లేదు. కొన్నిచోట్ల ఆ షరతుతో ఉన్న చట్టం కూడా ఉండేది కాదు. దాంతో వాడు బేరం పెట్టేవాడు: నువ్వు కేసు వెనక్కి తీసుకో, నేను బిడ్డ జోలికి రాను. 2015లో కేంద్ర చట్టం ఒకటి వచ్చింది. శిక్షతో పని లేకుండా, స్పష్టమైన, నమ్మకం కలిగించే సాక్ష్యం మీద తల్లి వాడి హక్కు రద్దు కోరడానికి వీలిచ్చే రాష్ట్రాలకి స్త్రీలపై హింస నిరోధానికిచ్చే నిధుల్లో కొంత ఎక్కువ ఇస్తారు. మేరీలాండ్‌లో ఇలాంటి బిల్లుని దాదాపు పదేళ్లపాటు మళ్లీ మళ్లీ పెట్టారు. 2017లో రెండు సభల మధ్య తేడాలు సరిదిద్దడానికి వేసిన సంఘంలో ఒక్క స్త్రీ లేదు, ఐదుగురూ మగవాళ్లే. సమావేశాల చివరిరోజున బిల్లు వాళ్ల చేతిలోనే చచ్చిపోయింది. దేశమంతా నవ్వింది, తిట్టింది. 2018 ఫిబ్రవరిలో చట్టమయింది.

ఇందులో మరో చిక్కు. హక్కు పూర్తిగా రద్దయితే బాధ్యత కూడా రద్దవుతుంది. అంటే వాడు బిడ్డ పోషణకి పైసా ఇవ్వక్కర్లేదు. పేద స్త్రీ భద్రత కావాలా, డబ్బు కావాలా తేల్చుకోవాలి. హక్కు తెంచినా పోషణఖర్చు నిలిపి ఉంచేట్టు కొన్ని రాష్ట్రాలు చట్టం రాసుకున్నాయి. ఇది మనం గమనించవలసిన పద్ధతి.

మరి అక్కడ సంస్కరణలు ఎట్లా సాగుతున్నాయి? జైల్లో ఉన్న తల్లుల విషయంలో 15 నెలల గడువుని సడలించే చట్టం న్యూయార్క్ 2010లో చేసింది. 2013లో వాషింగ్టన్ రాష్ట్రం అటువంటిదే చేసింది. నిర్లక్ష్యం అనే మాటకి అర్థాన్ని కుదిస్తూ 2021లో టెక్సస్ చట్టం మార్చింది. అదే ఏడు వాషింగ్టన్, పేదరికం ఒక్కటే బిడ్డని తీసుకుపోవడానికి కారణం కాకూడదని రాసింది. 2024లో మిన్నెసోటా నల్లజాతి కుటుంబాల పరిరక్షణకి చట్టం చేసింది. రద్దయిన హక్కుని తిరిగి ఇచ్చే చట్టాలు మరో ముఖ్యమైన మార్పు. ఎందుకంటే హక్కు తెంచిన ప్రతి బిడ్డకీ దత్తత దొరకదు. తల్లి లేదు, కొత్త తల్లీ లేదు. న్యాయశాస్త్ర ఆచార్యుడు మార్టిన్ గగెన్‌హైమ్ 1990ల్లోనే వాళ్లని చట్టం తయారుచేసిన అనాథలు అన్నాడు. 2019, 2020 సంవత్సరాల్లో ఏటా సుమారు 20,000 మంది ఏ కుటుంబానికీ చేరకుండానే వయసు దాటి ఫోస్టర్ సంరక్షణ నుంచి బయటికొచ్చారు. 2005లో కాలిఫోర్నియా మొదటగా హక్కుల పునరుద్ధరణ చట్టం చేసింది. తరవాత ఇరవైకి పైగా రాష్ట్రాలు ఆ దారి పట్టాయి. ఓటములూ ఉన్నాయి. హక్కులు రద్దయ్యాక కూడా బిడ్డకి మేలైతే తల్లి వచ్చి చూసే అవకాశాన్ని కోర్టు ఇవ్వవచ్చన్న బిల్లు న్యూయార్క్ శాసనసభలో నెగ్గినా 2019లో గవర్నరు తిప్పికొట్టాడు.

ఆ దేశంలో ఉన్న మన తెలుగు కుటుంబాలకి ఒక మాట. బడి టీచరు, డాక్టరు వంటివారికి బిడ్డ విషయంలో అనుమానం వస్తే ప్రభుత్వానికి చెప్పాల్సిన చట్టపరమైన బాధ్యత అన్ని రాష్ట్రాల్లోనూ ఉంది. భర్త వీసా మీద ఆధారపడి వెళ్లిన ఆడపిల్ల దెబ్బలు తింటూ, బిడ్డ పోతుందన్న భయంతో నోరెత్తని పరిస్థితి రాకూడదు. మీ అమ్మాయి ఉన్న రాష్ట్రంలో చట్టం ఏమంటున్నదో, ఉచిత న్యాయసహాయం ఎక్కడ దొరుకుతుందో తెలుసుకుని ఉండటం మంచిది.

మన దగ్గర ఇలాంటిది లేదు కదా అని ఎవరైనా అడగవచ్చు. ఉంది, పేరు వేరు. 2015 బాలన్యాయ చట్టంలో 35వ సెక్షన్ బిడ్డని అప్పగించడం గురించి. తల్లిదండ్రులు శిశు సంక్షేమ సమితి ముందుకొచ్చి, విచారణా కౌన్సెలింగూ అయ్యాక అప్పగింత పత్రం మీద సంతకం పెడతారు. మనసు మార్చుకోవడానికి రెండు నెలలు గడువు. ఆ తరవాత 38వ సెక్షన్ కింద బిడ్డని దత్తతకి చట్టరీత్యా విముక్తుడిగా ప్రకటిస్తారు. దత్తత ఉత్తర్వుని కూడా 2022 సెప్టెంబరు నుంచి కోర్టు బదులు జిల్లా మేజిస్ట్రేట్ ఇస్తున్నారు. అంటే తల్లి హక్కు తెగడం మొదలయ్యే చోటి నుంచి ముగిసే చోటి దాకా ఎక్కడా న్యాయమూర్తి కనిపించకపోవచ్చు. ఏ స్థాయి సాక్ష్యం ఉండాలో చట్టంలో రాయలేదు.

పేదరికం మాట ఇక్కడా ఉంది. అప్పటి నల్గొండ జిల్లా దేవరకొండ ప్రాంతపు లంబాడా తండాల నుంచి ఆడపిల్లల్ని కొద్దిపాటి డబ్బుకి తీసుకొచ్చి హైదరాబాదు మీదుగా విదేశీ దత్తతలకి పంపుతున్న వ్యవహారం 1999లోనూ, 2001లోనూ బయటపడింది. వేలిముద్రలు వేయించిన కాగితాల్ని తల్లులు ఇష్టపూర్వకంగా ఇచ్చినట్టు చూపారు. 2001లో ఆనాటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం పేదరికం, ఎక్కువమంది పిల్లలు, ఆడపిల్ల అన్న కారణాలతో బిడ్డల్ని అప్పగించడాన్ని అనుమతించబోమని ఉత్తర్వు ఇచ్చింది. అప్పగింతని ఆపడం అవసరమే. కాని ఆ తల్లి తన బిడ్డని పెంచుకోవడానికి ఏం కావాలో అడిగి ఇచ్చినప్పుడే అది న్యాయం అవుతుంది.

38వ సెక్షన్‌లో మరో నిబంధన మనం జాగ్రత్తగా చదవాలి. మానసిక వైకల్యం ఉన్న తల్లిదండ్రుల బిడ్డనీ, లైంగిక దాడి బాధితురాలికి పుట్టిన 'అవాంఛిత' బిడ్డనీ సమితి దత్తతకి విముక్తం చెయ్యవచ్చని అందులో ఉంది. బిడ్డ అవాంఛితమని ఎవరు చెప్పాలి? కన్నదా, కన్నదాని తండ్రా, హాస్టలు వార్డెనా, పరువు పోతుందని భయపడే ఊరి పెద్దలా? మరో పక్క, ఆ బిడ్డని పెంచుకుంటానన్న స్త్రీకి అత్యాచారం చేసినవాడి నుంచి రక్షణ ఏది? 1956 హిందూ మైనారిటీ, సంరక్షకత్వ చట్టం ప్రకారం పెళ్లి కాకుండా పుట్టిన బిడ్డకి తల్లి సంరక్షకురాలు, ఆమె తరవాత తండ్రి. ఆ తండ్రి ఎట్లా తండ్రి అయ్యాడని చట్టం అడగదు. పెళ్లిలో పుట్టిన బిడ్డకి తండ్రి, అతని తరవాత తల్లి. తండ్రి బతికుండగానే తల్లి కూడా సంరక్షకురాలు కావచ్చని సుప్రీంకోర్టు 1999లో గీతా హరిహరన్ కేసులో వ్యాఖ్యానం చెప్పవలసి వచ్చింది. చట్టంలో అక్షరం మాత్రం మారలేదు. పెళ్లిలో జరిగే అత్యాచారాన్ని కొత్త న్యాయ సంహిత కూడా నేరం కాదనే అంటున్నది.

ఇన్ని విషయాలూ చూశాక నాకు తోచిన కోర్కెలు ఇవి. చర్చించండి, మార్చండి.

ఒకటి, పేదరికం, జైలు, వైకల్యం, భర్త చేతిలో దెబ్బలు తినడం, ఇవేవీ వాటికవే తల్లి హక్కు తెంచడానికి కారణాలు కాకూడదు. తల్లికి ఏ సాయం ఇచ్చారో, ఎప్పుడు ఇచ్చారో సమితి రాతపూర్వకంగా నమోదు చెయ్యాలి.

రెండు, మొదటి రోజు నుంచీ తల్లికి వకీలు ఉండాలి. ఇందులో మనకి అమెరికా తల్లి కన్నా మంచి ఆయుధం ఉంది. 1987 న్యాయ సేవాధికార సంస్థల చట్టం 12వ సెక్షన్ ప్రకారం స్త్రీకి ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయసహాయం పొందే హక్కుంది. శిశు సంక్షేమ సమితి ముందు నిలబడ్డ తల్లికి ఈ మాట ఎవరైనా చెబుతున్నారా? మన సంఘం చెప్పాలి.

మూడు, సంతకానికి ముందు ఆమె భాషలో, అది లంబాడీ అయినా కోయ అయినా, ఆ కాగితం అర్థం చదివి చెప్పాలి. రెండు నెలల గడువు చాలదు. అందులో ఎక్కువ భాగం బాలింతతనంలోనే గడిచిపోతుంది.

నాలుగు, అత్యాచారం చేసినవాడి హక్కు రద్దు తల్లి కోరిక మీద, కుటుంబ న్యాయస్థానంలో, గట్టి సాక్ష్యంతో, క్రిమినల్ శిక్ష కోసం ఆగకుండా జరగాలి. పోషణఖర్చు బాధ్యత వాడి మీద ఉండాలి. ఈ దారి తల్లికి మాత్రమే తెరవాలి. ప్రభుత్వం గాని అత్తమామలు గాని దీన్ని ఆమె మీద వాడే వీలుండకూడదు.

ఐదు, తెంచిన హక్కుని తిరిగి ఇచ్చే దారి చట్టంలో ఉండాలి. దత్తత దొరకని బిడ్డకి తల్లి బతికే ఉంటే, ఆమె పరిస్థితి మెరుగుపడి ఉంటే, ఇద్దరినీ కలపకుండా అడ్డుపడే చట్టం ఎవరి మేలు కోరినట్టు?

'బిడ్డ మేలు' అన్న మాట ప్రతి తీర్పులోనూ ఉంటుంది, దానితో ఎవరికీ పేచీ లేదు. నిజంగా ప్రాణాపాయంలో ఉన్న బిడ్డని వెంటనే కాపాడాలి. ఆ మేలుని ఎవరు నిర్ణయిస్తున్నారు, ఏ కులం, ఏ వర్గం కళ్లతో చూస్తున్నారు అన్నది మన ప్రశ్న. మీ జిల్లాలో శిశు సంక్షేమ సమితి ఎక్కడ కూర్చుంటుందో, అందులో ఎవరెవరు సభ్యులో, గత ఏడాది ఎంతమంది తల్లులు అప్పగింత పత్రాల మీద సంతకం పెట్టారో, వారిలో ఎందరికి వకీలు ఉన్నారో సమాచార హక్కు చట్టం కింద అడగండి. పేర్లు అడగవద్దు, అంకెలు చాలు. వచ్చే సమావేశానికి ఆ సమాధానాలతో రండి. అక్కడి నుంచి మాట్లాడుకుందాం.